ఆ రిజిస్టర్‌లో నాయిన పేరు లేదు

నేను పెరిగిన చోటు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. 1990ల్లో బాలానగర్ చౌరస్తా నుంచి నర్సాపూర్ రోడ్డు పట్టుకొని, ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ దాటి చింతల్, షాపూర్‌నగర్ వైపు పోతుంటే కళ్లు మూసుకొని కూడా ఎక్కడున్నామో చెప్పగలిగేవాళ్లం. ఒక మలుపులో కుళ్లిన చేపల కంపు. ఇంకొంచెం ముందుకు పోతే గోళ్ల రంగు సీసా తెరిచినట్టు తియ్యటి వాసన, కాసేపటికే తలనొప్పి. వానాకాలం రాత్రుళ్లు ఎక్కడినుంచో పాడైన వెల్లుల్లి వాసన వచ్చి, నిద్రలో ఉన్న పిల్లలు దగ్గుకుంటూ లేచేవాళ్లు.

పెద్దయ్యాక ఫార్మసీ చదివి ల్యాబులో చేరాను. అప్పుడు తెలిసింది, చేపల కంపు అమీన్లదని, ఆ తీపి వాసన ఇథైల్ ఎసిటేట్ లాంటి సాల్వెంట్లదని, వెల్లుల్లి కంపు మెర్కాప్టన్లదని. ల్యాబులో వాటిని ఫ్యూమ్ హుడ్ కింద పెట్టి, గ్లవ్స్ వేసుకొని, జాగ్రత్తగా మూత తీస్తాం. మేం చిన్నప్పుడు ఆరుబయట మంచాలేసుకొని, పడుకొని పీల్చాం.

మేమున్న చోటు సిటీ కాదు, ఊరూ కాదు. ఉత్తరం మీద కుత్బుల్లాపూర్ అని, కింద రంగారెడ్డి జిల్లా అని రాసేవాళ్లం. సిటీ బస్సు వచ్చేది, సిటీ నల్లా మాత్రం వచ్చేది కాదు. 2007లో ఆ ప్రాంతాన్ని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు, 2016లో జిల్లా పేరు మేడ్చల్ అయింది. ఇప్పుడైతే పక్కా సిటీయే. మేం మాత్రం అది సిటీ కాకముందే అక్కడి నుంచి బయటపడ్డాం.

మాది మునుగోడు దగ్గర ఒక పల్లె. 1987 కరువులో మాకున్న కాస్త చెలక బీడు పడితే, నాయిన ముందొచ్చి ఒక షెడ్డులో పని వెతుక్కున్నాడు. తర్వాత అమ్మను, నన్ను, చంకలో ఉన్న తమ్ముణ్ని తీసుకొచ్చాడు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నడుములు వంగిపోయిన వాళ్లు, పళ్లు గారపట్టిన వాళ్లు ఇంటికొకరు కనిపించేవాళ్లు. "ఆ ఇసం నీళ్లు తప్పిచ్చుకొని ఈ ఇసం నీళ్లకాడికొచ్చినం" అని అమ్మ చాలా ఏళ్లపాటు నవ్వుతూనే అనేది. అది నవ్వే మాట కాదని నాకు తర్వాత తెలిసింది.

మేమున్నది నాలా పక్కన కట్టిన ఒక లైను. వరుసగా ఎనిమిది రూములు, పైన సిమెంటు రేకులు, చివర రెండు లెట్రిన్లు, మధ్యలో ఒక వేపచెట్టు. ఎండాకాలం పగలు రేకుల కింద ఉండలేం. పిల్లలందరం చెట్టు నీడ తిరిగినట్టల్లా మేమూ జరుగుతూ కూర్చునేవాళ్లం. లైన్లో ఎవరికీ పేర్లు లేవు, ఊళ్లే పేర్లు. పక్క రూములో శ్రీకాకుళం అక్క, ఆ పక్కన బీదర్ ఆంటీ, మూలన పాలమూరు పెద్దమ్మ, చివరి రూములో నలుగురో అయిదుగురో ఒడిశా అన్నలు. వాళ్లు షిఫ్టుల వారీగా పనికి పోయి షిఫ్టుల వారీగానే ఆ ఒక్క రూములో నిద్రపోయేవాళ్లు. మమ్మల్నేమో అందరూ నల్లగొండోళ్లు అనేవాళ్లు. నన్ను "నల్లగొండ పాప" అని పిలిస్తే పలికేదాన్ని.

ఓనరమ్మ మంచిదే. కిరాయి రెండు నెలలు ఆగినా బయటికి నడవమనలేదు. కానీ ఏనాడూ కిరాయి రసీదు ఇవ్వలేదు. ఆ జాగా కాగితాలు సరిగా లేవని లైనంతా అనుకునేవాళ్లు. రసీదు లేదు కాబట్టి మాకు అడ్రస్ ప్రూఫ్ లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదు కాబట్టి తెల్ల కార్డు లేదు. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మళ్లీ గెలిచి కిలో రెండు రూపాయల బియ్యం తిరిగి మొదలుపెట్టినప్పుడు లైనంతా పండగలా మాట్లాడుకున్నారు గానీ, ఆ బియ్యం మా లైన్లో ఒక్క ఇంటికీ రాలేదు. అందరి కార్డులూ ఊళ్లలోనే ఉన్నాయి. మా కార్డు మీద బియ్యం నానమ్మ తెచ్చి డబ్బాలో పోసిపెడితే, నాయిన వీలు చూసుకొని ఊరికి పోయి, సంచిలో కట్టి బస్సు టాపు మీద వేసి తెచ్చేవాడు. 1996లో కిలో మూడున్నర చేసినప్పుడు అమ్మ లెక్కేసింది. బస్సు చార్జీలు కలుపుకుంటే కిరాణా కొట్లో నూకలు కొనుక్కోవడమే నయమని తేలింది. ఆ తర్వాత మేం చాలాకాలం నూకలన్నమే తిన్నాం.

నీళ్ల సంగతి చెప్పాలంటే చాలా ఉంది. లైన్లో ఒక బోరింగు ఉండేది. పొద్దున్నే కొట్టిన మొదటి బిందె పచ్చగా వచ్చేది. గిన్నెలో కాసేపు ఉంచితే పైన పలుచటి పొర కట్టేది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, బట్టలకు సబ్బు నురుగు రాదు, తలంటుకుంటే వెంట్రుకలు పీచులా అవుతాయి. తాగడానికి ట్యాంకర్ వచ్చేది, అదీ రోజూ కాదు. ట్యాంకర్ వచ్చే టైముకు ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లే లైన్లో అందరి డ్రమ్ములూ నింపాలి. అది రాసుకున్న నియమం కాదు, కానీ తప్పిన వాళ్లు లేరు. అదే ట్యాంకర్ కాడ జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. వేరే లైను వాళ్లొచ్చి పైపు మీద చెయ్యేస్తే బీదర్ ఆంటీ మూడు భాషల్లో తిట్టేది. అందులో కన్నడ తిట్లే మాకు బాగా నచ్చేవి, ఎందుకంటే అవి అర్థమయ్యేవి కావు.

నాలా అంటే నీళ్ల కాలువ అనుకునేరు. దాని రంగు రోజుకోలా ఉండేది. వానపడితే మీద తెల్లటి నురుగు లేచి, గాలికి ముద్దలు ముద్దలుగా ఎగిరి గోడల మీద పడేది. మేం దాన్ని పట్టుకొని ఆడుకునేవాళ్లం, చేతులు మంటపెట్టేదాకా. ఆ నాలా కూకట్‌పల్లి నాలాలో కలిసి హుస్సేన్‌సాగర్‌లోకి పోతుందని స్కూల్లో సారు చెప్పాడు. 1992 డిసెంబర్‌లో సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహం నిలబెట్టాక, చుట్టాలొస్తే అందరూ అక్కడికి తీసుకుపోయి చూపించేవాళ్లు. మేమూ పోయాం. పడవలో జనం కేరింతలు కొడుతుంటే నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉంది. వాళ్లంతా మా నాలా నీళ్ల మీదే తిరుగుతున్నారు కదా!

ఇక అమ్మ పొట్టు పొయ్యి. కిరోసిన్ కూడా కార్డు మీదే కాబట్టి మాకు బ్లాకులో తప్ప దొరికేది కాదు. గ్యాస్ మాట లైన్లో ఎవరి నోటా రాలేదు. సామిల్లు దగ్గర రంపపు పొట్టు సంచుల లెక్కన అమ్మేవాళ్లు. నూనె డబ్బా పైభాగం కోసి, అడుగున పక్కకు ఒక రంధ్రం పెడితే అదే పొయ్యి. నడిమధ్యలో ఒక సీసా నిలబెట్టి, కింది రంధ్రంలోంచి ఒక కట్టె సీసా అడుగుదాకా తోసి, చుట్టూ పొట్టు పోసి అరచేత్తో గట్టిగా అదమాలి. బాగా అదిమాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి, కట్టెను బయటికి లాగాలి. అప్పుడు లోపల పొగ్గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. కింద నిప్పంటిస్తే మంట ఆ దారిలోంచి నిటారుగా లేస్తుంది. పొట్టు పొడిగా ఉండి, అదమడం బాగా కుదిరితే పొద్దున్న ఒక్కసారి నింపినది అన్నం, కూర, స్నానాలకు వేణ్నీళ్లు అన్నిటికీ సరిపోయేది. అదమడం వదులైతే మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ. ఆ సీసా తిప్పడం నాకు చేతకాలేదు, తమ్ముడికి బాగా కుదిరేది. వాడికి అయిదారేళ్లు ఉంటాయేమో. వాడి చేతిలో ఏదో ఉందని అమ్మ అప్పుడే అనేది.

వానాకాలం పొట్టు తడిసిపోతే మాత్రం అన్నీ బంద్. ఆ పూటకి శ్రీకాకుళం అక్క దగ్గర పంపు స్టవ్వు మీద మా అన్నం కూడా ఉడికేది.

నాయిన పనిచేసింది ప్రెస్ మిషన్ల షెడ్డులో. రేకుల్ని డై కింద పెట్టి, పెడల్ తొక్కి, క్లిప్పులు, బ్రాకెట్లు, మూతలు కొట్టేవాళ్లు. బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కల అలాంటి షెడ్లు లెక్కలేనన్ని. పెద్ద కంపెనీలకు కావలసిన చిన్న చిన్న ముక్కలన్నీ ఈ షెడ్లలోనే తయారయ్యేవి, జాబ్ వర్క్ అనేవాళ్లు. శనివారం సాయంత్రం హప్తా పైసలు.

ఆ షెడ్డులో పధ్నాలుగు మంది పనిచేసేవాళ్లు. రిజిస్టర్‌లో తొమ్మిది పేర్లుండేవి.

దీని మతలబు నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. కరెంటుతో నడిచే కార్ఖానాలో పదిమంది పనిచేస్తే అది అప్పట్లో ఫ్యాక్టరీ చట్టం కిందికి, కార్మికుల బీమా అయిన ఈఎస్ఐ కిందికి వచ్చేది. ఇరవై మంది అయితే పీఎఫ్ కూడా కట్టాలి. తొమ్మిది దగ్గర ఆపితే ఏ బాధా లేదు. ఆ షెడ్డు ఒక్కటే కాదు, లైన్లో ఎవరిని అడిగినా "మా దాంట్ల తొమ్మిదే" అనేవాళ్లు. అలా తొమ్మిది తొమ్మిదిగానే ఆ ఏరియా అంతా నడిచింది.

ఎప్పుడైనా చెకింగ్ ఉందని తెలిస్తే రిజిస్టర్‌లో లేనివాళ్లను ముందే బయటికి పంపేవాళ్లు. నాయిన అందులో ఒకడు. ఒక్కోసారి హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లు, ఒక్కోసారి నేరుగా ఇంటికే. మాకు అది పండగ. నాయినను పగటి వెలుగులో చూసేది ఆదివారాలు తప్ప ఆ రోజుల్లోనే. "ఇయ్యాల ఇన్స్‌పెక్టర్ వచ్చిండు" అంటూ చేతిలో మురుకుల పొట్లంతో వచ్చేవాడు. నేనూ తమ్ముడూ ఇన్స్‌పెక్టర్ రోజూ రావాలని దేవుడికి మొక్కుకున్నాం. ఆ రోజు కూలి మాత్రం కట్. అమ్మ మురుకులు తినేది కాదు, ఎందుకో అప్పుడు తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఒక శనివారం, హప్తా రోజే, నాయిన కుడిచేతి చూపుడువేలు, నడిమి వేలు సగానికి పోయాయి. ప్రెస్‌కు చేతులు లోపలికి పోకుండా ఒక గార్డు ఉంటుంది. అది ఉంటే ప్రతి ముక్కకూ ఒక క్షణం ఆగాలి, గంటకు పడే ముక్కలు తగ్గుతాయి. అందుకని దాన్ని ఊడదీసి మూలన పడేశారు. సాయంత్రంలోగా ఆర్డర్ పోవాలని తొందర. అంతే.

మేమున్న చోటునుంచి ఫతేనగర్ బ్రిడ్జి దాటితే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఎంతో దూరం కాదు. కార్డున్న కార్మికులకు అక్కడ వైద్యం ఉచితం, పనికి పోలేని రోజులకు పైసలు కూడా వస్తాయి. నాయిన ఎక్కిన ఆటో అటు తిరగలేదు. బోయిన్‌పల్లి మీదుగా సికింద్రాబాద్ పోయి, అప్పట్లో ముషీరాబాద్‌లో ఉన్న గాంధీ ఆసుపత్రికి చేరింది. షెడ్డు ఓనర్ వచ్చి చేతిలో కొన్ని నోట్లు పెట్టి, "నయమైనంక రా, ఏదో ఒక పని ఇస్త" అన్నాడు. రిజిస్టర్‌లో పేరు లేకపోయినా, ఈఎస్ఐ లేకపోయినా, పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది. ఆ మాట మాకు చెప్పినవాళ్లు లేరు. మా లైన్లో ఎవరికీ తెలిసి ఉండదు. తెలిసినా, ఆ షెడ్డులో నాయిన పనిచేసినట్టు రుజువేది?

శ్రీకాకుళం అక్క చిట్టీ నడిపేది. లైన్లోవాళ్లు, వెనక వీధివాళ్లు కలిసి ఇరవై మంది. నెలనెలా ఆమె రూములోనే పాట. ఆ నెల పాడుకున్నది అక్కే, కుట్టుమిషను కొనుక్కోవడానికి. మిషను కూడా చూసి పెట్టుకుంది, కాలితో తొక్కేది, నల్లటిది. నాతో రెండుసార్లు చెప్పింది కూడా, "నీకు ఫస్టు లంగా కుడతానే" అని. నాయినను ఆసుపత్రిలో చేర్పించిన మర్నాడు ఆ చిట్టీ పైసలు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ వద్దంది, ఏడ్చింది. "నా మిసను ఎక్కడికెల్పోద్దమ్మా? ముందు మీ ఆయన్ని సూసుకో" అని, ఇంకేం మాట్లాడకుండా పోయి మా రూము ముందు గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

ఆ మిషను అక్క మళ్లీ కొనలేదు. మేం పైసలు తిరిగి కట్టడానికి చాలాకాలం పట్టింది. కట్టినవి ఐదులూ పదులుగానే కట్టాం. అలా వచ్చిన పైసలతో మిషను కొనలేరు, ఎటో ఖర్చైపోతాయి.

నాయిన పనికి పోలేని నెలల్లో అమ్మ ప్లాస్టిక్ మూతల పని తెచ్చింది. మౌల్డింగ్ షెడ్లలో పోతపోసిన మూతల అంచులకు పల్చటి తోకలు మిగులుతాయి. వాటిని బ్లేడుతో నున్నగా గీకాలి. లెక్క గ్రోసుల్లో, అంటే నూట నలభై నాలుగు. మూటలు మూటలుగా ఇంటికి తెచ్చి, రాత్రి అన్నాలు తిన్నాక అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. కట్టుకట్టిన చేత్తో నాయిన గీకలేడు, లెక్కపెట్టేవాడు. నేను లెక్కల్లో బాగుండేదాన్నని సార్లు మెచ్చుకునేవాళ్లు గానీ, నాకు పన్నెండో ఎక్కం ఎలా వచ్చిందో వాళ్లకు తెలియదు. చేతివేళ్ల కొసల మీద బ్లేడు గీతలతో స్కూలుకు పోతే, పక్కన కూర్చునే అమ్మాయి "పిల్లి గీరిందా" అని అడిగింది. అవునన్నాను.

ఆ అమ్మాయి ఐడీపీఎల్ క్వార్టర్స్‌లో ఉండేది. మాకూ వాళ్లకూ మధ్య ఒక కాంపౌండ్ గోడ. గోడకు అటువైపు పెద్ద పెద్ద చెట్లు, తారు రోడ్లు, నల్లాలు, డాక్టరు. సోవియట్ రష్యా సాయంతో కట్టిన ఫ్యాక్టరీ అని, అక్కడ చేసిన మందులు దేశమంతా పోతాయని ఆ పిల్ల చెప్తుంటే నోరు తెరుచుకొని వినేదాన్ని. పుట్టినరోజుకు ఒకసారి వాళ్లింటికి పిలిచింది. నల్లా తిప్పగానే తెల్లటి నీళ్లు వచ్చాయి. చేతులు కడుక్కునే వంకతో నేను కడుపునిండా తాగాను. ఐడీపీఎల్‌ను 1992లోనే ఖాయిలా పరిశ్రమ కింద ప్రకటించారు, ఆ తర్వాత నెమ్మదిగా ఉత్పత్తి ఆగిపోయింది. నేను ఏ గోడవైపు చూసి అసూయపడ్డానో ఆ గోడ వెనక కూడా అప్పటికే భయం మొదలైందన్నమాట. పిల్లలకు అవేవీ తెలియవు. ఆ అమ్మాయి వాళ్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు నాకు తన జామెట్రీ బాక్సు ఇచ్చింది.

అన్నీ కష్టాలే అన్నట్టు రాస్తున్నాను గానీ, బతుకమ్మ రోజుల్లో మా లైను చూడాల్సిందే. ఖాళీ జాగాల్లో తంగేడు, రైలు పట్టాల పక్కన గునుగు తెచ్చేవాళ్లం. గునుగుకు రంగులద్దడం నా పని. శ్రీకాకుళం అక్కకు బతుకమ్మ తెలియదు, మొదటి ఏడాది దూరంగా నిలబడి చూసింది. రెండో ఏడాదికి అందరికంటే ఎత్తుగా పేర్చింది. ఫాక్స్ సాగర్ దాకా నడిచిపోయి నిమజ్జనం చేసేవాళ్లం. ఒక ఏడాది నీళ్ల మీద నురుగు తేలుతుంటే, బతుకమ్మను అందులో వదలడానికి పాలమూరు పెద్దమ్మ ఒప్పుకోలేదు. "గౌరమ్మకు ఈ నీళ్లు పోస్తమా?" అని, ట్యాంకర్ నీళ్లు బకెట్‌లో పోసి అందులో ముంచింది. తాగే నీళ్లు అలా వాడారని మిగతా ఆడవాళ్లు కోప్పడ్డారు. ఇప్పటికీ ఎవరిది న్యాయమో నేను చెప్పలేను.

1995 జనవరిలో మద్య నిషేధం వచ్చినప్పుడు శనివారం సాయంత్రాల గొడవలు తగ్గాయి. అంతకుముందు హప్తా రోజు షెడ్ల గేట్ల ముందు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని నిలబడేవాళ్లు, పైసలు దుకాణం దాకా పోకముందే పట్టుకోవాలని. 1997లో నిషేధం సడలించాక గేట్ల ముందు మళ్లీ అదే గుంపు.

2000 ఆగస్టు వాన సంగతి హైదరాబాద్‌లో అప్పుడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 24వ తారీఖుకు బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. మా నాలా రాత్రికి రాత్రే లైన్లోకి వచ్చింది. మోకాళ్లు, నడుములు దాటి నీళ్లు లేస్తుంటే పిల్లల్ని, ముసలివాళ్లను ఓనరమ్మ డాబా మీదికి ఎక్కించింది ఒడిశా అన్నలే. నేనప్పటికి ఇంటర్ అయిపోయి డీ ఫార్మసీ సీటు కోసం చూస్తున్నాను. అమ్మ బియ్యం డబ్బా వదిలేసి నా మార్కుల మెమోలు, టీసీ ఉన్న ప్లాస్టిక్ కవరును బొడ్లో దోపుకొని పైకొచ్చింది. తెల్లారి చూస్తే రూముల్లో నడుములోతు బురద, ఆ బురదలో అవే కంపులు.

అక్క చిట్టీ పుస్తకం కొట్టుకుపోయింది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు పాడుకున్నారు, ఎవరికి ఎంత రావాలి, అన్నీ అందులోనే. బురద ఎత్తిపోసుకున్నాక ఒక సాయంత్రం అందరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఒక్కొక్కరూ తాము కట్టాల్సింది తామే చెప్పారు. నేను కొత్త నోట్‌బుక్‌లో రాశాను. చివర్లో కూడితే అక్క నోటిలెక్కతో దాదాపు సరిపోయింది. ఒక్కరు మాత్రం రెండు నెలలవి ఎగ్గొట్టారు. ఎవరో లైనంతటికీ తెలుసు, ఎవరూ అడగలేదు. రసీదులు, రిజిస్టర్లు, కార్డులు ఏవీ లేని చోట ఆ నోట్‌బుక్ ఒక్కటే నేను చూసిన సరైన లెక్క.

ఆ తర్వాత లైను చెదిరిపోయింది. అక్క వాళ్లు పలాస వైపు తిరిగి వెళ్లిపోయారు. మేం సూరారం దగ్గర వేరే ఇంటికి మారాం. నాకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లోని కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. బస్ పాస్ మీద పొద్దున్నే పోయి రాత్రికి వచ్చేదాన్ని. తమ్ముడు బాలానగర్ సీఐటీడీలో టూల్ అండ్ డై డిప్లొమా చేశాడు. పొట్టు పొయ్యిలో సీసా తిప్పిన ఆ చెయ్యి అక్కడ పనికొచ్చింది.

మా చుట్టాల్లో ఎవరైనా మా గురించి చెప్పాలంటే, "ఎన్నో కష్టాలు పడి పైకొచ్చిన్రు, కష్టమే వాళ్లను మనుషుల్ని చేసింది" అంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మా లైన్లో నాకంటే బాగా చదివే అమ్మాయి ఉండేది, పాలమూరు పెద్దమ్మ మనవరాలు. వాళ్ల నాయినకు దెబ్బ తగిలినప్పుడు ఆ నెల చిట్టీ ఇంకెవరో పాడుకున్నారు. ఆ పిల్ల ఎనిమిదితో ఆగిపోయి ప్యాకింగ్ సెక్షన్‌లో చేరింది. మేం పడ్డ కష్టమే ఆ పిల్లా పడింది. నా చదువులో ఒకరి కుట్టుమిషను ఉంది. ఆ పిల్లకు ఆ మిషను దొరకలేదు.

ఇప్పుడు నేను అహ్మదాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. పోయిన ఎండాకాలం వచ్చినప్పుడు తమ్ముడు కారులో అటు తీసుకెళ్లాడు. బాలానగర్‌లో 2021లో వచ్చిన ఫ్లైఓవర్ ఎక్కితే కింద చౌరస్తా కనిపించనే కనిపించదు. మేం దాన్ని దాటడానికి అరగంట నిలబడ్డ రోజులున్నాయి. లైను ఉన్న జాగాలో అయిదంతస్తుల బిల్డింగు, కింద మొబైల్ షాపు. వేపచెట్టు లేదు. నాలాకు గోడ కట్టారు. కంపు మునుపటంత లేదు గానీ, కిటికీ దించితే నా ముక్కు గుర్తుపట్టింది. పిల్లలు ఏసీ వెయ్యమన్నారు.

నాయిన వేళ్లు పోయాక కొన్నేళ్లు వాచ్‌మన్‌గా చేశాడు. 1999లో రిజిస్టర్‌లో పేరు రాసే కంపెనీ ఒకటి దొరికింది, అందులోనే రిటైరయ్యాడు. పీఎఫ్ పెన్షన్ వస్తుంది, నెలకు వెయ్యికి కాస్త అటూ ఇటూ. ప్రెస్ షెడ్డులో చేసిన ఏళ్లు అందులో లేవు, ఎందులోనూ లేవు. ఆ సంగతి నేను కోపంగా అంటే అమ్మ, "నెలకొక గ్యాసు బండ అస్తుంది కదా, ఊకో" అంటుంది.

తమ్ముడికి జీడిమెట్లలో సొంత షెడ్డు ఉంది. రెండు సీఎన్‌సీ మిషన్లు, ఒక పాత ప్రెస్. ప్రెస్‌కు గార్డు ఉంది, చూశాను. పనివాళ్లు ఎనిమిది మంది. ఆర్డర్లు పెరుగుతున్నాయి, ఇంకా ఇద్దర్ని పెట్టుకోవాలంటున్నాడు. అప్పుడు ఈఎస్ఐ కడతావా అని అడిగితే, "అయినప్పుడు చూద్దాంలే అక్కా" అన్నాడు. నాకా జవాబు నచ్చలేదు, అదే చెప్పాను. మార్కెట్ ఎలా ఉందో నీకేం తెలుసంటూ వాడు జీఎస్టీ గురించి, లేటుగా వచ్చే పేమెంట్ల గురించి మొదలుపెట్టాడు. అవీ నిజమే. నాయిన టీవీ చూస్తూ కూర్చున్నాడు, ఏమీ అనలేదు. అమ్మే వంటింట్లోంచి అంది, "సూసుడు గీసుడు లేదు. పదో మనిషి అచ్చిన దినమే పేరు రాయి."

"సరే అమ్మా" అన్నాడు వాడు, ఫోన్ చూసుకుంటూ. ప్రతి నెలా ఫోన్ చేసినప్పుడు నేను అడుగుతున్నాను, పదో మనిషి వచ్చాడా అని. ఇంకా తొమ్మిదే అంటున్నాడు.